అంచున మిగిలిన చేయి

చల్లపల్లిలో నేను పని నేర్చుకున్న ఫొటో స్టూడియోలో ఒక కొయ్య గుర్రం ఉండేది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించి, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని బజారు పనుల కోసం చల్లపల్లి దాకా వచ్చే దివిసీమ కుటుంబాలు ఆ గుర్రాన్ని చూసే మెట్లెక్కేవి. గుండు మీద గంధం ఇంకా ఆరకముందే పిల్లను గుర్రం మీద కూర్చోబెట్టడం, ఆ పిల్ల కొత్త మొహాలు చూసి ఏడుపు లంకించుకోవడం, తల్లి వెనక నక్కి కూర్చొని ఒక చేత్తో నడుము పట్టుకోవడం, మాస్టారు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి గిలక్కాయ ఆడించడం, ఇదీ మా స్టూడియోలో తరచూ జరిగే తంతు. తల్లి చేయి ఫొటోలో పడుతుందేమోనన్న బెంగ ఎవరికీ ఉండేది కాదు. ప్రింటు వేసేటప్పుడు నల్లకాగితం అడ్డుపెట్టి ఆ చేతిని తప్పించే పని నాది.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. పదో తరగతి తప్పి, మా నాన్న కోపానికి జడిసి ఆ స్టూడియోలో చేరాను. చేరిన ఏడాదిన్నర దాకా కెమెరా ముట్టుకోనివ్వలేదు. ఫొటో చెరగకుండా నిలిపే హైపో మందు కలపడం, ప్రింట్లు కడిగి తీగ మీద ఆరబెట్టడం, నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసే మాస్టారికి వెలుతురు పట్టుకోవడం, రిజిస్టరు రాయడం మాత్రమే నా పనులు. ఆ రిజిస్టరు సంగతి కొంచెం చెప్పాలి. తేదీ, వరస నంబరు, పేరు, ఊరు, ఎన్ని కాపీలు, ఎంత బయానా అని ఆరు గడులు. అదే నంబరు వేసిన కాగితపు కవరులో నెగెటివ్ పెట్టి, ఏడాది ప్రకారం చెక్కపెట్టెల్లో సర్దేవాళ్లం. పాత నెగెటివ్‌లనూ వాడేసిన హైపోనూ కొని వాటిలోని వెండి తీసుకునేవాళ్లు అప్పట్లో ఊరూరా తిరిగేవారు. చాలా స్టూడియోలు ఏటా పెట్టెలు ఖాళీ చేసి వాళ్లకు తూకానికి వేసేవి. మా మాస్టారు హైపో అమ్మేవారు గాని నెగెటివ్ మాత్రం ఒక్కటి కూడా ఇచ్చేవారు కాదు. డబ్బు ఇబ్బందిగా ఉన్న ఒక వేసవిలో నేనే సలహా ఇవ్వబోతే, "అవి మనవి కాదురా, వాళ్లు మన దగ్గర దాచుకున్నవి" అని ఊరుకున్నారు. నాకు ఆయన చాదస్తం మీద లోలోపల విసుగే కలిగింది.

1977 నవంబరు 19, కార్తీక మాసంలో ఒక శనివారం. చల్లపల్లిలో మేము చూసింది గాలి మాత్రమే. స్టూడియో రేకులు ఎగిరిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, రోడ్డుకు అడ్డంగా చెట్లు పడిపోయాయి. తెల్లవారాక కూడా మాకు అది గాలివాన అనే తెలుసు. సముద్రం పొంగి ఊళ్ల మీదికి వచ్చిందన్న మాట ఆ తర్వాత, అడ్డుపడిన చెట్ల మీదుగా కాలినడకన వచ్చిన మనుషుల ద్వారా తెలిసింది. ఉప్పెన అన్న మాటను అంతకుముందు పెద్దవాళ్ల నోట కథలో మాటలా విన్నానే గాని, అది గడియారం చూసి చెప్పగలిగినట్టుగా ఒక సాయంత్రం వచ్చి ఊళ్లను తుడిచిపెట్టే వస్తువని ఊహించలేదు. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మందికి పైగా పోయారు. లెక్కకు అందనివాళ్లు ఇంకా ఉన్నారని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు.

రోడ్డు కాస్త తెరిపి ఇచ్చాక అన్నం పొట్లాలూ మంచినీళ్ల పీపాలూ ఎక్కించిన ఒక లారీలో మేము కొందరు కుర్రవాళ్లం మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా అవనిగడ్డకు, అక్కడి నుంచి నాగాయలంక వైపు వెళ్లాం. బయల్దేరే ముందు మాస్టారు తన ఆగ్ఫా క్లిక్ కెమెరా నా మెడలో వేసి, జేబులో రెండు రోళ్లు పెట్టారు. రోలుకు పన్నెండు, మొత్తం ఇరవై నాలుగు ఫొటోలు. నాలుగు రోజులు ఉండి, ఏడు తీసి తిరిగి వచ్చాను. తుమ్మచెట్ల ముళ్లకు మనిషెత్తు పైన చిక్కుకున్న చీరలు, పొలంలో బోర్లాపడిన పడవ, ఉప్పునీళ్లు నిండిన మంచినీళ్ల బావి, ఇలాంటివి. ఏడింటిలో మూడు చెయ్యి వణికి చెదిరిపోయాయి. మిగతా సమయమంతా చేతిలో పలుగో, పారో, లేక ఎవరిదో కాలో చేయో ఉండేది. అవేమీ చెప్పను.

ఆ తర్వాత దేశం నలుమూలల నుంచి సేవకులు వచ్చారు. రామకృష్ణ మిషన్ వారు, విజయవాడ నాస్తిక కేంద్రం వారు, క్రైస్తవ సంస్థల వారు, పేరూ జెండా లేకుండా సొంత ఖర్చుతో వచ్చిన విద్యార్థులు అందరూ ఒకే పొయ్యి మీద వండుకుని తిన్న రోజులవి. మదర్ థెరిసా వచ్చారు. అవనిగడ్డకు చెందిన మండలి వెంకటకృష్ణారావు గారు ఆ పనికి పెద్ద దిక్కయ్యారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ వంటి తారలు వీధుల్లోకి వచ్చి చందాలు పోగుచేశారు. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే. పత్రికల్లో రానిది మా స్టూడియోలో జరిగింది.

పది పన్నెండు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం సొర్లగొంది వైపు నుంచి ఒకతను వచ్చాడు. ఎవరో దానం చేసిన, భుజాలు వేలాడే చొక్కా వేసుకున్నాడు. లోపలికి రాకుండా గుమ్మం పక్కనే నిలబడి, "బాబయ్యా, మూడేళ్ల కిందట మోపిదేవిలో మా పాపకి గుండు చేయించి ఇక్కడ ఫొటో తీయించాం. రసీదు లేదు. ఇల్లే లేదు," అన్నాడు. మాస్టారు కుర్చీ చూపించి, "పాప పేరూ, మీ ఊరి పేరూ చెప్పవయ్యా, చూద్దాం" అన్నారు. 1974 రిజిస్టరు తీసి ఊరి గడి మీద వేలు పెట్టుకొని ఒక్కో పేజీ దింపుకుంటూ వచ్చాను. ఇంచుమించు గంట పట్టింది. అంతసేపూ అతను నా వేలినే చూస్తూ కూర్చున్నాడు.

నెగెటివ్ దొరికింది. కరెంటు లేదు కాబట్టి ఫొటో పెద్దది చేసే ఎన్‌లార్జర్ పనిచేయదు. చీకటి గదిలో లాంతరు చిమ్నీకి ఎర్రకాగితం చుట్టి, నెగెటివ్‌ను కాగితానికి ఆనించి అద్దపు చట్రంలో బిగించి, తలుపు సందులోంచి పెట్రోమాక్స్ లైటు వెలుగు కొన్ని క్షణాలు చూపించి కాంటాక్ట్ ప్రింటు వేయాలి. అలవాటు చొప్పున నేను నల్లకాగితం ముక్క తీసి కుడివైపు అంచుకు అడ్డం పెట్టబోయాను. మాస్టారు నా మణికట్టు పట్టుకొని ఆపి, నెగెటివ్‌ను లాంతరు దగ్గరికి ఎత్తి చూపించారు. గుర్రం మీద ఏడుపు మొహంతో పాప. ఆ పాప నడుము మీద గాజుల చేయి. చేతి వెనక, తెర అంచున, కెమెరాకు అందకుండా తప్పుకున్నాననుకున్న ఒక ఆడమనిషి చెంపా, చెవి కమ్మా, జారిన కొప్పూ. అతని భార్య కూడా ఆ రాత్రే పోయిందని మాకు అప్పటికే తెలుసు.

ప్రింటు ట్రేలో తేలుతూ బయటపడటం నేను వందలసార్లు చూశాను. ముందు నల్లటివి, అంటే పాప కళ్లు, గుర్రం కళ్లెం వస్తాయి. చర్మం ఆలస్యంగా వస్తుంది. ఆ చేయి నీళ్లలోంచి వచ్చినట్టే వచ్చింది. ఆరబెట్టి, అంచులు కూడా కత్తిరించకుండా అతని చేతికి ఇచ్చాం. అతను పాపను చూసి, తర్వాత అంచుకేసి చూసి, బొటనవేలితో ఆ చెంప మీద తడుముతూ చాలాసేపు ఉండిపోయాడు. "ఇది మా ఇంటిదాయిదే," అని మాత్రం అన్నాడు. వెనకటి ప్రింటులో ఆ చేతిని కోసేసింది నేను కాదు, నా కంటే ముందున్న కుర్రవాడు. అయినా ఆ పూట నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అతని వెనక ఇంకా వచ్చారు. నోటి మాటగా ఊళ్లకు తెలిసిపోయింది. సంక్రాంతి దాకా మాకు వేరే పని లేదు. కరెంటు వచ్చినా కాంటాక్ట్ ప్రింట్లే వేశాం, ఎందుకంటే అంచులతో సహా పడాలని మాస్టారి పట్టుదల. పెళ్లి ఫొటోలో వెనక నిలబడిన తోడిపెళ్లికూతురు కోసం వచ్చినవాళ్లున్నారు. కొడుకు ఫొటో లేదు గాని, ఫలానావాళ్ల పెళ్లిలో పందిరి రాటకు ఆనుకుని నిలబడ్డాడు, చూడండి అని వచ్చిన తండ్రి ఉన్నాడు. దొరకనివాళ్లే ఎక్కువ. చాలామంది బతుకులో ఒక్క ఫొటో కూడా తీయించుకోకుండా పోయారు. ఆ రోజుల రిజిస్టరులో బయానా గడి మొత్తం ఖాళీగా ఉంటుంది.

నా తర్వాతి బతుకు అక్కడి నుంచి మొదలైందని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తోస్తుంది గాని, ఆ రోజుల్లో అలాంటి ఆలోచన లేదు. 1981లో హైదరాబాదు వచ్చి పెళ్లిళ్ల ఫొటోలు తీస్తూ స్థిరపడ్డాను. ఎక్కడ వరదో తుఫానో వచ్చిందంటే తెలిసిన సేవా బృందాలతో కలిసి సంచీ సర్దుకునేవాణ్ణి. తుఫాన్లు సరిగ్గా కార్తీక మాసపు ముహూర్తాల్లోనే వస్తాయి. ఒప్పుకున్న పెళ్లిని మరొకరికి అప్పగించి నేను బయల్దేరుతుంటే మా ఆవిడ, "బంగాళాఖాతానికి పంచాంగం లేదు, మీకూ లేదు," అనేది. బయానా తిరిగి ఇచ్చిన పెళ్లిళ్ల లెక్క ఆమె దగ్గరే ఉంది, నేనెప్పుడూ అడగలేదు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరదలో వెళ్లాను. అక్కడ ఫొటోల కంటే పడవల మీద బియ్యం మోసిన జ్ఞాపకమే ఎక్కువ. 1999లో ఒడిశా మహాతుఫాను తర్వాత జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో మూడు వారాలు ఉన్నాను. ఎర్సామా ప్రాంతాన్ని చూస్తుంటే ఇరవై రెండేళ్ల నాటి నాగాయలంక మళ్లీ కళ్ల ముందు నిలబడినట్టనిపించి, మొదటి రెండు రోజులు సంచీలోంచి కెమెరా బయటికి తీయలేకపోయాను.

లాతూరు భూకంపం వేరే పాఠం. 1993 సెప్టెంబరు 30, వేకువ నాలుగు గంటలు కాబోతుండగా భూమి కంపించింది. ముందురోజు వినాయక నిమజ్జనం చేసి అలసి పడుకున్న ఊళ్లు, మట్టితో పేర్చిన లావాటి రాతిగోడలు, వాటి మీద మోయలేనంత మట్టికప్పు. మనుషులను చంపింది ఆ గోడలూ కప్పులే. హైదరాబాదు నుంచి షోలాపూర్ రోడ్డులో ఉమర్గా మీదుగా కిల్లారి చేరాం. అది ఒకప్పటి నైజాం ఇలాకా కావడంతో ముసలివాళ్లతో మన హైదరాబాదీ హిందీలోనే మాట్లాడగలిగాను. రాళ్లకుప్ప ముందు కూలబడి తలమీద కొంగు వేసుకుని ఏడుస్తున్న ఒక అవ్వను ఫొటో తీశాను. ఆమెకు ఎడమవైపు పదేళ్ల మనవడు, శిథిలాల్లో చెక్కుచెదరకుండా దొరికిన లాంతరును రెండు చేతులా పట్టుకుని, పోటీలో గెలిచి తెచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు. ఆ ఫొటోలో నాకు నచ్చింది ఆ లాంతరే. ఒక పత్రిక దాన్ని పెద్దదిగా వేసింది. అవ్వ ఉంది, రాళ్లున్నాయి, కుర్రవాడు లేడు. ఏడుపు బలంగా కనిపించాలంటే పక్కన ఆ వెలుగు మొహం ఉండకూడదట. ఆ మాట నాకు ఫోనులో చెప్పారు, తప్పు చేసినట్టు కాదు, మేలు చేసినట్టు.

ఏడాది తిరిగాక పూర్తి ప్రింటు పట్టుకుని మళ్లీ వెళ్లాను. రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఆ పత్రిక ముక్క వాళ్లకు అప్పటికే ఎవరో ఇచ్చినట్టున్నారు, గోడకు అంటించి ఉంది. కుర్రవాడు నన్ను గుర్తుపట్టి ముందుగా అడిగిన మాట, "అందులో నేనెక్కడ?" అని. సంచీలోంచి ప్రింటు తీసి ఇస్తే అవ్వకేసి కూడా చూడకుండా లాంతరు పట్టుకున్న తన చేతులు చూసుకున్నాడు. అవ్వ మాత్రం ఏడుస్తున్న తన ఫొటో తనకు వద్దంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, మనవడి భుజం మీద చేయి వేసి నిటారుగా నిలబడి, ఇప్పుడు తియ్యమంది. విపత్తులో ఉన్నవాళ్లు ఫొటోకు నిలబడేటప్పుడు ఎందుకు బొత్తాలు పెట్టుకుంటారో, ఎందుకు నవ్వబోతారో నాకు ఆ రోజు అర్థమైంది. పత్రికలవాళ్లు దీన్ని సహజంగా లేదని తీసిపారేస్తారు. అంతకంటే సహజమైనది నేను చూడలేదు.

ఆ తర్వాత నా సంచీ మారింది. పెద్ద లెన్సు ఇంట్లో వదిలేసి, దాని చోట నీలం రంగు గుడ్డ ఒకటి, క్లిప్పులు, పాత ఫొటోలను కాపీ తీయడానికి చిన్న స్టాండు పెట్టుకున్నాను. 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపం తర్వాత కచ్ గ్రామాల్లో నేను చేసినవి చాలా వరకు పాస్‌పోర్టు సైజు ఫొటోలే. పరిహారం డబ్బు జమ కావాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు ఫొటో కావాలి, పట్నంలో స్టూడియోలు కూలిపోయాయి. నీలం గుడ్డ గోడకు కట్టి రోజుకు వంద మంది దాకా తీసేవాణ్ణి. ఒక ఊళ్లో బడి గ్రూపు ఫొటో ఒకటి మిగిలితే, అందులోంచి తమ పిల్లల మొహాలు విడిగా పెద్దవి చేసి ఇమ్మని తల్లిదండ్రులు వరసలో నిలబడ్డారు. గోరంత మొహాన్ని పెద్దది చేస్తే గింజలు గింజలుగా పగిలిపోతుంది. దూరం పెట్టుకుని చూడండి, కనబడతాడు అని చెప్పేవాణ్ణి. వాళ్లు మాత్రం కళ్లకు ఆనించుకునే చూసేవారు.

నాగపట్నం గురించి ఎక్కువ రాయను. 2004 డిసెంబరు సునామీ తర్వాత, గుర్తు తెలియని మృతులను పూడ్చేలోపు మొహాలు ఫొటో తీసే పనిలో రెండు రోజులు సాయపడ్డాను. పక్కన నంబరు రాసిన అట్టముక్క పెట్టి తీయాలి. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఆ ఫొటోలు చూడాలి. నేను ఇన్నేళ్లలో తీసిన ఫొటోల్లో, ఎవరూ చూడకుండా ఉంటే బాగుండునని అనుకుంటూ తీసినవి అవే.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పాతబస్తీని ముంచేసినప్పుడు మాత్రం నా పాత పని నాకు తిరిగి దొరికింది. నీళ్లు తీశాక వీధుల్లో మోకాలెత్తు బురద. జనం పరుపులతోపాటు పెళ్లి ఆల్బములు కూడా తెచ్చి వీధి మొగలో పారేస్తున్నారు. ఒక ఇల్లాలు పారేయడానికి తెచ్చిన ఆల్బమును అడిగి తీసుకున్నాను. తడిసిన ఫొటోలను చూడగానే ఎండలో పెట్టాలనిపిస్తుంది. అదే చేయకూడదు. ఎండితే ఒకదానికొకటి అతుక్కుని ఊడిరావు. చల్లటి మంచినీళ్ల బేసిన్‌లో ఆల్బమును మొత్తంగా ముంచి, పేజీల మధ్య బటర్ పేపరు దానంతట అదే వదిలేదాకా ఆగి, ఒక్కో ఫొటోను అంచులు పట్టుకుని బయటికి తీయాలి. బొమ్మ ఉన్నది కాగితంలో కాదు, కాగితం మీది జెలటిన్ పొరలో. నానిన జెలటిన్ మీగడలా ఉంటుంది, వేలు తగిలితే మొహం వేలికి వస్తుంది. రంగు ఫొటోల్లో అన్నిటికంటే పైనున్నది నీలపు పొర, దాని కింద ఎరుపు, అట్టడుగున పసుపు. బురదలోని క్రిములు పైనుంచి తింటూ వస్తాయి కాబట్టి ముందు నీలం పోయి ఫొటో ఎర్రబడుతుంది, ఆ తర్వాత పసుపు మిగులుతుంది, చివరికి తెల్లకాగితం. ఆ ఇల్లాలి పెళ్లి ఫొటోల్లో అంచులు పూర్తిగా తెల్లబడిపోయి, మధ్యలో వధూవరులు ఎర్రగా, వాళ్ల చుట్టూ పసుపు వలయం. మా నాన్న అంచున నిలబడి ఉండాలి అని ఆమె ఒక ఫొటో అడిగి తీసుకుంది. ఆ అంచు తెల్లగా ఉంది.

సాయంత్రానికి తాడుకు రెండు వందల ఫొటోలు వేలాడాయి. మరునాడు ఆ వీధివాళ్లు తామే బేసిన్లు తెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత, 2011 మార్చి నాటి జపాను సునామీలో కొట్టుకుపోయి దొరికిన లక్షలాది ఫొటోలను అక్కడి స్వచ్ఛంద సేవకులు ఇలాగే కడిగి, తీగల మీద ఆరబెట్టి, సొంతదారులను వెతికి అప్పగిస్తున్నారని చదివినప్పుడు ముందుగా ఆ కర్నూలు తాడే గుర్తుకు వచ్చింది.

మాస్టారు పోయి చాలా కాలమైంది. స్టూడియో మూతపడి ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. వాళ్లబ్బాయి చెక్కపెట్టెలూ రిజిస్టర్లూ నాకు అప్పగించాడు. గుర్రం ఏమైందో అతనికీ తెలియదు. కోస్తా చెమ్మకు ఫిల్ములు పాడై పెట్టె తెరిస్తే పుల్లటి వెనిగర్ వాసన వస్తోంది. కొన్ని ముడుచుకుపోయి విస్తరాకులా తయారయ్యాయి. ఇవి దక్కవు. దక్కేవాటిని రోజుకు ముప్పై చొప్పున, అంచులతో సహా స్కాన్ చేస్తున్నాను. చూపు మందగించడంతో రిజిస్టరు చదివిపెట్టే పని మా మనవరాలిది.

గత నెలలో హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు ఫోను చేశాడు. వాళ్ల తాతగారికి ఒక చెల్లెలు ఉండేదట, ఉప్పెనలో పోయిందట, ఆమె ఫొటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని ముసలాయన ఈమధ్య పదేపదే అడుగుతున్నారట. ఊరి పేరు చెప్పు బాబూ, ఏ సంవత్సరమో సుమారుగా చెప్పినా చాలు అన్నాను. ఊరు కోడూరు పక్కన అని చెప్పాడు. సంవత్సరం తాతగారికి గుర్తు లేదట. గుర్రం మీద కూర్చోబెట్టి తీశారన్నది మాత్రం గుర్తుందట.

మా స్టూడియోకి గుర్రం వచ్చింది 1969 దసరాకు. అక్కడి నుంచి మొదలుపెట్టాం. నిన్న రాత్రికి 1972 ఫిబ్రవరి దాకా వచ్చాం.